గడువున్న చీటీ

కార్యాలయ కంప్యూటర్ల వ్యవస్థలో మిగిలిన అన్ని ప్రశ్నలకన్నా ముందు తేలవలసిన ప్రశ్న ఒకటుంది: కీబోర్డు ముందు కూర్చున్నది ఎవరు? ఉత్తరాన కావలి నుంచి దక్షిణాన పులికాట్ సరస్సు అంచున ఉన్న తడ దాకా సాగే నెల్లూరు తీరాన్ని తీసుకుంటే, 2008లో వ్యాపారానికి తెరుచుకున్న కృష్ణపట్నం ఓడరేవు, దానికి పొరుగున నేలటూరులో బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం, 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్టును పైకి పంపిన శ్రీహరికోట, వీటి చుట్టూ అల్లుకున్న రొయ్యల ఎగుమతి సంస్థలు, బ్యాంకు శాఖలు, షిప్పింగ్ ఏజెంట్ల గదులు అన్నీ ఇవాళ తెరల మీదే పని చేస్తున్నాయి. శ్రీహరికోట 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో తిరుపతి జిల్లాలో చేరినా, ఈ తీరపు కథలో దాని పాత్ర మారలేదు, ఈ అధ్యాయంలోనూ దానితో పని పడుతుంది. ఒకప్పుడు దస్త్రాల గదికి ఒక తాళం వేసి, దాని చెవి హెడ్ గుమాస్తా దగ్గర ఉంటే సరిపోయేది. ఇప్పుడు దస్త్రాలు ఒక కంప్యూటరులో, లెక్కలు ఇంకొక కంప్యూటరులో, ఉత్తరాలు మరొకదానిలో ఉంటాయి, ప్రింటరు వేరే అంతస్తులో ఉంటుంది, వీటిలో ఏదీ మనిషి ముఖాన్ని చూడలేదు. ముఖం చూడలేని యంత్రానికి మనిషిని గుర్తుపట్టడం నేర్పే పద్ధతుల్లో, గత నాలుగు దశాబ్దాలలో అన్నింటికన్నా గట్టిగా నిలిచినది టికెట్ పద్ధతి.

ఈ ప్రశ్నకు తొలుత తోచే జవాబు ప్రతి యంత్రం దగ్గరా పాస్‌వర్డ్ చెప్పడం. అందులో రెండు కీడులున్నాయి. మొదటిది, చెప్పిన పాస్‌వర్డ్ తీగ మీద ప్రయాణం చేయవలసి రావడం. తొలినాటి కార్యాలయ నెట్‌వర్కులలో కంప్యూటర్లన్నీ ఒకే తీగకు వేలాడేవి కనుక ఒకదానికి పంపిన మాట అన్నింటి చెవినా పడేది, తన పేరున లేని మాటను ప్రతి కంప్యూటరూ మర్యాదగా వదిలేసేది, ఆ మర్యాదను పాటించని చిన్న ప్రోగ్రాము ఒక్కటి నడిస్తే చాలు, భవనంలోని పాస్‌వర్డులన్నీ ఒక్క పూటలో పోగయ్యేవి. రెండవది, పదిచోట్ల చెప్పిన రహస్యం రహస్యంగా మిగలకపోవడం. పది సర్వర్లు పది జాబితాలు దాచుకుంటే, వాటిలో అందరికన్నా నిర్లక్ష్యంగా నడిచే సర్వర్ ఎంత భద్రమో మొత్తం కార్యాలయం అంతే భద్రం. పైగా పది పాస్‌వర్డులు గుర్తుంచుకోలేని ఉద్యోగి వాటిని కాగితం మీద రాసి కీబోర్డు కింద పెడతాడు, ఆ తప్పును అతని మీద మోపడం కన్నా అతనికి పది పాస్‌వర్డులు అంటగట్టిన ఏర్పాటు మీద మోపడమే న్యాయం.

ఈ చిక్కు ఒక విద్యాసంస్థలో ముదిరి పరిష్కారాన్ని పుట్టించింది. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, ఐబీఎం, డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థల సాయంతో 1983లో ‘ప్రాజెక్ట్ ఎథీనా’ అనే పథకాన్ని ప్రారంభించి, విద్యార్థులు ఏ గదిలోని ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా తమ ఫైళ్లు తమకు దొరికే వ్యవస్థను కట్టబూనింది. ఆ గదులలోని కంప్యూటర్లు ఎవరి సొంతమూ కావు, తెలివైన విద్యార్థి చేతిలో ఏ కంప్యూటరైనా తానే మరొకరినని సర్వర్లకు అబద్ధం చెప్పగలదు. కనుక కంప్యూటరు చెప్పిన మాటను నమ్మకూడదు, తీగను నమ్మకూడదు, పాస్‌వర్డును తీగ మీద పంపకూడదు, అయినా మనిషి ఎవరో తేలాలి. ఒకదానితో ఒకటి పొసగనట్టు కనిపించే ఈ షరతులను కలిపి నెరవేర్చిన పద్ధతిని స్టీవ్ మిల్లర్, క్లిఫర్డ్ న్యూమన్ ప్రధానంగా రూపొందించారు. దానికి గ్రీకు పురాణాల్లో పాతాళ ద్వారాన్ని కాచే మూడు తలల కుక్క పేరు మీద కెర్బరోస్ అని పేరు పెట్టారు. యముని వాకిట నాలుగు కళ్ల కాపలా కుక్కలు రెండున్నాయని ఋగ్వేదం చెబుతుంది, అవి సరమ అనే దేవశుని బిడ్డలు కావడం వల్లనే తెలుగులో కుక్కకు సారమేయం అనే పేరు నిలిచింది, కాబట్టి ఈ కాపలా కుక్క తెలుగు పాఠకుడికి మరీ పరాయిది కాదు. మూడు తలల పోలిక ఇక్కడ ఎందుకు కుదిరిందంటే, ఈ పద్ధతిలో పాత్రలూ మూడే: పని కోరే మనిషి, పని చేసిపెట్టే సర్వర్, ఆ ఇద్దరికీ నమ్మకమైన మధ్యవర్తి.

మధ్యవర్తి ఆలోచన ఎథీనాకు ముందే ఉంది. జిరాక్స్ సంస్థ పరిశోధనశాలలో పనిచేసిన రోజర్ నీడమ్, మైకేల్ ష్రోడర్ 1978లో దాన్ని ప్రకటించారు. దాన్ని అర్థం చేసుకోవాలంటే గుప్తలేఖనం అనే ప్రక్రియ ఒక్కటి తెలిస్తే చాలు. ఒక పెట్టె ఉంది, దాన్ని ఏ తాళంచెవితో మూస్తే ఆ చెవితోనే తెరవాలి, ఆ చెవి లేనివాడికి పెట్టెలోనిది అర్థం లేని గీతల గుట్ట. కంప్యూటరు లోకంలో తాళంచెవి అంటే ఒక పొడవైన సంఖ్య, పెట్టెను మూయడం అంటే ఆ సంఖ్యతో సందేశాన్ని కలియబెట్టడం. సందేశం కలియబెట్టిన స్థితిలో ఎవరి చేతికి చిక్కినా నష్టం లేదు, తెరవగలిగినవాడి దగ్గర ఆ సంఖ్య ఉన్నట్టే లెక్క. ఈ రెండో మాటలోనే మొత్తం కిటుకు ఉంది, ఎందుకంటే పెట్టెను సరిగ్గా తెరవడమే, లేదా సరిగ్గా మూయడమే, రహస్యాన్ని పలకకుండా రహస్యం తెలుసునని నిరూపించే మార్గం.

నీడమ్, ష్రోడర్‌ల పద్ధతిలో ఒక లోపం మిగిలింది. మూడేళ్ల తరవాత 1981లో డొరొతీ డెన్నింగ్, జొవాన్ని మరియా సాకో దాన్ని ఎత్తిచూపారు. పాత సంభాషణలో వాడిన తాళంచెవి ఒకటి ఎప్పటికైనా దొంగ చేతికి చిక్కితే, ఆ పాత సందేశాలనే మళ్లీ పంపి సర్వర్‌ను అతను మోసగించగలడు, ఆ సందేశం నిన్నటిదో నిరుటిదో సర్వర్‌కు తెలిసే దారి లేదు. వారు సూచించిన మందు సులువైనది, ప్రతి సందేశంలోనూ అది పుట్టిన సమయాన్ని చేర్చడం. ఈ సూచనతో గడియారం భద్రతా సాధనమైంది. ఈ అధ్యాయం అసలు చెప్పదలచిన సంగతి అదే: టికెట్ పద్ధతి భద్రత సగం గణితం మీద, సగం కాలం మీద నిలిచి ఉంది, రెండో సగాన్ని కార్యాలయాలు తరచు మరచిపోతాయి.

ఇప్పుడు ఒక రోజు పనిని వరసగా చూడవచ్చు. ఓడరేవు కార్యాలయంలో ఉదయం తొమ్మిదింటికి ఒక గుమాస్తా తన కంప్యూటరులో పేరు, పాస్‌వర్డ్ టైపు చేస్తాడు. కంప్యూటరు ఆ పాస్‌వర్డును ఎక్కడికీ పంపదు. దానికి గుమాస్తా పేరును, కార్యాలయ వ్యవస్థ పేరును చేర్చి, ప్రస్తుత పద్ధతిలోనైతే ప్రామాణికంగా 4,096 సార్లు గణితపు మథనం చేసి, ఒక తాళంచెవిని తయారుచేస్తుంది. పేర్లను కలపడానికి కారణం ఉంది, ఇద్దరు ఉద్యోగులు ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నా వారి తాళంచెవులు వేరుగా రావాలి. తరవాత కంప్యూటరు తన గడియారం చూసి, ఆ క్షణపు సమయాన్ని ఆ చెవితో మూసి, గుమాస్తా పేరుతో సహా మధ్యవర్తికి పంపుతుంది. మధ్యవర్తిని ఇంజనీర్లు తాళంచెవుల పంపిణీ కేంద్రం అంటారు, పొట్టిగా కేడీసీ. విండోస్ నడిచే కార్యాలయాల్లో ఈ పనిని ‘డొమైన్ కంట్రోలర్’ అనే సర్వర్ చేస్తుంది. కేంద్రం దగ్గర ప్రతి ఉద్యోగి తాళంచెవీ, ప్రతి సర్వర్ తాళంచెవీ ఉన్న పద్దు ఉంటుంది. అది గుమాస్తా చెవిని తీసి పెట్టెను తెరుస్తుంది, లోపల ఇప్పటి సమయం కనిపిస్తే, అవతల ఉన్నవారికి పాస్‌వర్డ్ తెలుసునని నమ్ముతుంది. పాస్‌వర్డ్ గుమాస్తా బల్ల దాటలేదు, తీగ మీద నడిచింది దానితో మూసిన గడియారపు అంకెలు మాత్రమే.

కేంద్రం రెండు వస్తువులను తిరిగి పంపుతుంది. ఒకటి, గుమాస్తా చెవితో మూసిన చిన్న సంచి, అందులో అప్పటికప్పుడు పుట్టించిన కొత్త తాళంచెవి ఉంటుంది. ఇది ఆ పూటకు మాత్రమే పనికొస్తుంది కనుక దీన్ని పూట తాళంచెవి అనవచ్చు. రెండవది మూల టికెట్, దీన్ని వృత్తిలోనివారు టీజీటీ అంటారు, టికెట్లను ఇప్పించే టికెట్ అని దాని అర్థం. అందులో గుమాస్తా పేరు, అదే పూట తాళంచెవి నకలు, టికెట్ మొదలయ్యే సమయం, ముగిసే సమయం ఉంటాయి. ఈ టికెట్‌ను కేంద్రం తన సొంత చెవితో మూస్తుంది, అందువల్ల గుమాస్తా కంప్యూటరు దాన్ని మోయగలదు కానీ తెరవలేదు. నిజానికి అది కేంద్రం తనకు తాను రాసుకున్న ఉత్తరం, గుమాస్తా దాన్ని దాచి, అడిగినప్పుడు తెచ్చి ఇచ్చే మనిషి. ఇలా చేయడం వల్ల ఏ ఉద్యోగి ఎప్పుడు లాగిన్ అయ్యాడో, ఎవరికి ఏ చెవి ఇచ్చిందో కేంద్రం గుర్తుపెట్టుకోనవసరం లేదు, ఆ జ్ఞాపకమంతా మూసిన కవరు రూపంలో ఉద్యోగుల దగ్గరే ఉంటుంది. వేలమంది ఉద్యోగులున్న సంస్థను కూడా కొద్దిపాటి సర్వర్లతో నడపగలగడానికి ఈ పొదుపు కారణం.

గుమాస్తా ఫైళ్ల సర్వర్‌లో ఒక ఓడ సరుకు పట్టీని తెరవాలనుకుంటే, కంప్యూటరు మళ్లీ పాస్‌వర్డ్ అడగదు. అది మూల టికెట్‌ను కేంద్రానికి చూపి, ఫైళ్ల సర్వర్‌కు టికెట్ కావాలని కోరుతుంది. కోరికతో పాటు సాక్ష్యచీటీ ఒకటి పంపుతుంది, అంటే తన పేరును, అప్పటి సమయాన్ని పూట తాళంచెవితో మూసిన చిన్న కాగితం. కేంద్రం తన చెవితో టికెట్‌ను తెరిచి, లోపలి పూట తాళంచెవిని తీసుకుని, దానితో సాక్ష్యచీటీని తెరిచి, రెండింటిలోని పేర్లు ఒకటేనా, సమయం తాజాదేనా అని చూస్తుంది. సరిపోతే ఫైళ్ల సర్వర్ కోసం సేవా టికెట్ తయారుచేసి, దాన్ని ఆ సర్వర్ చెవితో మూసి ఇస్తుంది, ఆ సంభాషణకు వేరే తాళంచెవిని కూడా ఇస్తుంది. గుమాస్తా కంప్యూటరు ఆ టికెట్‌నూ తెరవలేదు, తీసుకెళ్లి ఫైళ్ల సర్వర్‌కు కొత్త సాక్ష్యచీటీతో కలిపి ఇస్తుంది. సర్వర్ తన చెవితో టికెట్ తెరిచి, అందులో దొరికిన చెవితో సాక్ష్యచీటీ తెరిచి, పేరును, సమయాన్ని సరిచూసుకుంటుంది. ఆ పని ముగిసేదాకా అది కేంద్రాన్ని ఒక్క మాట అడగదు.

ఆర్టీసీ నెలపాసుతో దీన్ని పోల్చడం కొంతవరకు పనికొస్తుంది. నెల్లూరు బస్టాండు కౌంటరులో గుర్తింపు కార్డు ఒకసారి చూపి పాసు తీసుకున్నవాడు మైపాడు బస్సెక్కిన ప్రతిసారీ ఆ కార్డును మళ్లీ తీయనక్కరలేదు, కండక్టరు కౌంటరుకు ఫోను చేయనక్కరలేదు, పాసు మీద ముద్ర, గడువు చూస్తే చాలు. కానీ ఫొటో లేని పాసు ఎవరికి దొరికినా వారిదే, టికెట్ పద్ధతిలో ఫొటో పని చేసేది సాక్ష్యచీటీ. తీగ మీద పోతున్న టికెట్‌ను దొంగ నకలు తీసినా, పూట తాళంచెవి అతని దగ్గర లేదు కనుక కొత్త సాక్ష్యచీటీని రాయలేడు. పాత సాక్ష్యచీటీనే మళ్లీ పంపుదామంటే దాని సమయం చెల్లిపోయి ఉంటుంది, లేదా అదే చీటీ ఇదివరకే వచ్చిందని సర్వర్ గుర్తుపడుతుంది, ఎందుకంటే ఇటీవలి నిమిషాలలో వచ్చిన సాక్ష్యచీటీలను అది జ్ఞాపకం ఉంచుకుంటుంది.

చంద్రహాసుని కథ తెలిసిన తెలుగువారికి ఇక్కడ ఇంకొక సంగతి తేలిగ్గా బోధపడుతుంది. తన చావును కోరే లేఖను తానే మోసుకుపోతున్నానని చంద్రహాసుడికి తెలియదు, అతను తోటలో నిద్రిస్తుండగా ఆ లేఖను విప్పి చదివిన మంత్రి కూతురు విషయ, విషమిమ్మన్న చోట కాటుకతో ఒక అక్షరం చేర్చి తన పేరుగా మార్చింది. ఆ మార్పు చంద్రహాసుని ప్రాణం కాపాడింది కనుక కథ వినేవారికి సంతోషమే, కానీ లేఖల భద్రత దృష్టితో చూస్తే అక్కడ రెండు కట్టుబాట్లు తెగాయి: మూడో మనిషి చదవగలిగింది, చదివి దిద్దగలిగింది. టికెట్‌లో ఈ రెండింటికీ కాపలా ఉంది. మూసిన టికెట్‌లో ఒక్క అంకెను కదిపినా తెరిచేవాడికి లెక్క తప్పుతుంది, టికెట్ చెల్లదు. గుమాస్తా తన పేరు చెరిపి మేనేజరు పేరు రాసుకోలేడు, సాయంత్రం గడువును మరునాటికి పొడిగించుకోలేడు.

సర్వర్ కూడా తాను ఎవరో నిరూపించుకోవాలన్నది ఈ పద్ధతిలోని మరో మెరుగు. ఫైళ్ల సర్వర్‌నని చెప్పుకుంటూ నకిలీ యంత్రం ఒకటి తీగకు తగిలించి ఉంటే, ఆ యంత్రం టికెట్‌ను తెరవలేదు, లోపలి తాళంచెవిని పొందలేదు. అందుకే అసలు సర్వర్, గుమాస్తా పంపిన సమయాన్ని ఆ తాళంచెవితో తిరిగి మూసి పంపుతుంది, అది సరిగ్గా తెరుచుకుంటే అవతలిది నకిలీ కాదని గుమాస్తా కంప్యూటరుకు తెలుస్తుంది. మనిషే యంత్రానికి జవాబు చెప్పుకోవాలి అనే ఏకపక్షపు ఏర్పాటు కన్నా ఇది ఎంతో న్యాయమైనది.

ఇక కాలం సంగతి. టికెట్, సాక్ష్యచీటీ తాజావో కావో తేల్చాలంటే మూడు యంత్రాల గడియారాలూ ఒకే మాట చెప్పాలి. అవి క్షణం తేడా లేకుండా కలవడం కష్టం కనుక సాధారణంగా ఐదు నిమిషాల తేడాను అనుమతిస్తారు. ఆ ఐదు నిమిషాలు ఎంత చిన్నవో నెల్లూరు నుంచే లెక్కగట్టవచ్చు. భారత ప్రామాణిక కాలం తూర్పు రేఖాంశం 82.5 డిగ్రీల మీద ఆధారపడింది, కాకినాడ ఆ రేఖకు దగ్గర. నెల్లూరు ఇంచుమించు 80 డిగ్రీల దగ్గరుంది, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున నెల్లూరు నడినెత్తికి సూర్యుడు గడియారం కన్నా సుమారు 10 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. పూర్వంలాగా ఊరూరా సూర్యుణ్ణి బట్టి వేళ కట్టుకుంటే, కాకినాడ కంప్యూటరు రాసిన సాక్ష్యచీటీ నెల్లూరు సర్వర్ దగ్గర చెల్లేది కాదు.

వాస్తవంలో ఈ తగాదా వేరే రూపంలో వస్తుంది. టికెట్లలోని సమయాలన్నీ ప్రపంచ సమన్వయ కాలంలో ఉంటాయి, అంటే గుమాస్తా ఉదయం తొమ్మిదింటికి లాగిన్ అయితే టికెట్‌లో 3 గంటల 30 నిమిషాలు అని పడుతుంది. కొత్త కంప్యూటరులో కాలమండలం అమెరికాదిగా ఉండిపోయి, ఎవరో దాన్ని సరిచేయకుండా ముళ్లు మాత్రం చేత్తో జరిపితే, తెర మూలన వేళ సరిగ్గానే కనిపిస్తుంది, లోపలి లెక్క మాత్రం గంటల కొద్దీ తప్పుతుంది. పాస్‌వర్డ్ సరైనదే, తీగ బాగానే ఉంది, గడియారమూ బాగానే కనిపిస్తోంది, అయినా లాగిన్ కుదరదు. మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయిన పాత కంప్యూటర్లలోనూ ఇదే జరుగుతుంది, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా వాటి తేదీ ఏళ్ల వెనక్కి జారుతుంది. ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు పాస్‌వర్డ్ మార్చడం కన్నా ముందు గడియారం చూడడం మంచి అలవాటు.

గడియారాలను కలిపే పనిని నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్ అనే వేరొక ఒప్పందం చేస్తుంది. దేశంలో కంప్యూటర్ల భద్రతా ఘటనలను చూసే సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలలో, సంస్థలు తమ వ్యవస్థల గడియారాలను నేషనల్ ఇన్‌ఫర్మాటిక్స్ సెంటర్ లేదా ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సమయ సర్వర్లతో, లేక వాటితో అనుసంధానమైన సర్వర్లతో, కలిపి ఉంచాలని చెప్పింది. సమయానికి మరో మూలం ఉపగ్రహాలు, ఆ మూలం ఈ తీరం నుంచే పైకి వెళ్లింది. దేశపు సొంత దిక్సూచి ఉపగ్రహ వ్యవస్థలో మొదటిదైన ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏ 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి బయలుదేరింది, అది మోసుకుపోయినవి విదేశాల నుంచి కొన్న రుబీడియం పరమాణు గడియారాలు, కొన్నేళ్లకు ఆ ఉపగ్రహంలోని మూడూ చెడిపోయాయి. 2023 మే 29న అదే శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్12 రాకెట్టు మీద వెళ్లిన ఎన్‌వీఎస్-01లో, తొలిసారిగా దేశంలో తయారైన రుబీడియం గడియారాన్ని అమర్చారు. ఉపగ్రహం దారి చూపడమంటే అసలు సంకేతం ఎంత సేపు ప్రయాణించిందో కొలవడమే, కనుక గడియారం చెడితే దారి చెడుతుంది. దిక్సూచి ఉపగ్రహానికి సెకనులో వందకోట్ల వంతు లెక్క కావాలి, లాగిన్ టికెట్‌కు ఐదు నిమిషాల లోపు కలిస్తే చాలు, అయినా రెండూ ఒకే సూత్రానికి కట్టుబడ్డాయి: దూరంగా ఉన్న రెండు యంత్రాలు ఒకదాన్నొకటి నమ్మాలంటే ముందు వేళ విషయంలో ఏకీభవించాలి.

గడువు ఎంత ఉండాలన్నది గణితం చెప్పే విషయం కాదు, తీర్పు చెప్పవలసిన విషయం. చిన్న గడువు ఉద్యోగిని మాటిమాటికీ పాస్‌వర్డ్ అడిగి విసిగిస్తుంది, పెద్ద గడువు దొంగిలించిన టికెట్‌కు ఎక్కువ ఆయుష్షు ఇస్తుంది. విండోస్ వ్యవస్థలో మూల టికెట్‌కు మామూలుగా 10 గంటలు, అంటే ఒక పనిదినం, దాన్ని 7 రోజుల దాకా పునరుద్ధరించుకోవచ్చు. కెర్బరోస్ నాలుగో రూపంలో గడువును ఐదేసి నిమిషాల ముక్కలుగా, ఎనిమిది బిట్ల చిన్న గడిలో రాసేవారు, అందువల్ల 21 గంటల చిల్లరకు మించిన గడువు ఇవ్వడం దానికి సాధ్యమయ్యేది కాదు. రాత్రింబవళ్లు సాగే లెక్కలకు ఆ గడువు చాలక ఇబ్బంది పడేవారు. జాన్ కోల్, న్యూమన్ కలిసి రాసిన ఐదో రూపం 1993లో ప్రమాణపత్రంగా వెలువడి ఆ హద్దును తీసేసింది, దాన్ని 2005లో తిరగరాశారు, ఇవాళ నడుస్తున్నది అదే.

కెర్బరోస్ ప్రపంచమంతా పాకడానికి ముందు ఒక అడ్డంకి దాటింది. గుప్తలేఖనాన్ని అమెరికా ఆయుధాలతో సమానంగా చూసి ఎగుమతిని కట్టడి చేసిన రోజులవి, కనుక విదేశాలకు పంపడానికి ఆ భాగాలన్నీ కోసేసి, ‘బోన్స్’ పేరుతో ఎముకల గూడు ఒకటి తయారుచేశారు. ఆస్ట్రేలియాలో ఎరిక్ యంగ్ అనే ప్రోగ్రామరు ఆ గూటికి మళ్లీ కండ పట్టించాడు. తరవాత 2000 ఫిబ్రవరి 17న మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన విండోస్ 2000, తన కార్యాలయ నెట్‌వర్కులకు కెర్బరోస్ ఐదో రూపాన్ని ప్రధాన లాగిన్ పద్ధతిగా తీసుకోవడంతో, అది విద్యాలయాల గడప దాటి మామూలు ఆఫీసు బల్లల మీదకు వచ్చింది. కంప్యూటరును ‘డొమైన్‌లో కలిపాం’ అని సిస్టమ్ ఇంజనీరు అన్నప్పుడు, ఆ కంప్యూటరుకూ కేంద్రానికీ మధ్య ఒక రహస్య తాళంచెవి కుదిరిందని అర్థం. ఒక కేంద్రం ఏలుబడిలో ఉన్న యంత్రాల సమూహాన్ని కెర్బరోస్ భాషలో రాజ్యం వంటి మాటతో పిలుస్తారు, తెలుగులో ఇలాకా అంటే ఇంకా బాగా ఒప్పుతుంది. ప్రధాన కార్యాలయం హైదరాబాదులో, శాఖ తీరంలో ఉన్న సంస్థకు రెండు ఇలాకాలుంటే, రెండు కేంద్రాలూ తమ మధ్య ఒక తాళంచెవిని పంచుకుంటాయి, అప్పుడు ఇక్కడి టికెట్ చూపి అక్కడి టికెట్ తీసుకోవచ్చు.

ఇంతటి ఏర్పాటుకూ బలహీనతలున్నాయి, అవి గణితంలో కన్నా మనుషుల అలవాట్లలోనే ఎక్కువ. గణితంలోనివి ఎప్పటికప్పుడు బయటపడి దిద్దుబాటయ్యాయి: నాలుగో రూపంలో పూట తాళంచెవులను పుట్టించే యాదృచ్ఛిక సంఖ్యలు నిజానికి సుమారు పది లక్షల అవకాశాలకు మించి లేవని పర్‌డ్యూ విశ్వవిద్యాలయంవారు 1996లో చూపారు, అది సెకన్లలో ఊహించదగిన సంఖ్య. తొలినాళ్లలో వాడిన డెస్ అనే గుప్తలేఖన పద్ధతిని 1998లో ప్రత్యేకంగా కట్టిన యంత్రం ఒకటి 56 గంటల్లో ఛేదించింది, 2012లో కెర్బరోస్ దాన్ని అధికారికంగా విడిచిపెట్టింది. మనుషుల అలవాట్లను దిద్దడం అంత త్వరగా కాదు. సేవా టికెట్‌ను సర్వర్ చెవితో మూస్తారని పైన చెప్పుకున్నాం. కొన్ని సేవలు యంత్రం పుట్టించిన పొడవైన చెవితో కాక, ఎవరో మనిషి పెట్టిన పాస్‌వర్డుతో నడుస్తాయి, అది సంస్థ పేరు పక్కన సంవత్సరం చేర్చినంత పేలవంగా ఉండవచ్చు. ఇలాకాలో ఏ చిన్న ఉద్యోగైనా ఆ సేవకు టికెట్ అడిగి తీసుకోవచ్చు. తీసుకున్న టికెట్‌ను ఇంటికి మోసుకుపోయి, తీరిగ్గా కోట్ల కొద్దీ పాస్‌వర్డులను ఒకదాని తరవాత ఒకటి ప్రయత్నించి, ఏది తెరిస్తే అదే సర్వర్ పాస్‌వర్డ్ అని కనిపెట్టవచ్చు. ఈ దాడిని 2014లో టిమ్ మెడిన్ బయటపెట్టాడు. ఇందులో కేంద్రం చేసిన తప్పేమీ లేదు, కాపలా కుక్క తన పని సక్రమంగానే చేసింది.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం కేంద్రం సొంత తాళంచెవి పోవడం. మూల టికెట్లన్నీ ఆ ఒక్క చెవితోనే మూసినవి, అది చిక్కినవాడు ఏ పేరుతోనైనా, ఎంత గడువుతోనైనా టికెట్ రాసుకోగలడు. 2014లో బెంజమిన్ డెల్పీ తన మిమికాట్జ్ ప్రోగ్రాముతో దీన్ని చేసి చూపించినప్పుడు దీనికి బంగారు టికెట్ అనే పేరు వచ్చింది. అలాంటి చొరబాటు జరిగిన కార్యాలయంలో ఉద్యోగులందరి పాస్‌వర్డులు మార్చినా లాభం లేదు, కేంద్రపు తాళంచెవిని మార్చాలి, అదీ రెండుసార్లు మార్చాలి, ఎందుకంటే వ్యవస్థ కొత్త చెవితో పాటు దాని ముందరి చెవినీ కొంతకాలం చెల్లనిస్తుంది. అందుకే కేంద్రం నడిచే సర్వర్‌ను వేరే గదిలో పెట్టి తాళం వేయాలి, దాని మీద ఇంకే పనీ పెట్టకూడదు, ఖర్చు మిగులుతుందని దానిమీదే లెక్కల సాఫ్ట్‌వేరు, ప్రింటరు ఎక్కించడం తప్పుడు పొదుపు.

టికెట్ ఒక మనిషి ఎవరో మాత్రమే చెబుతుంది, అతను ఏం చేయవచ్చో చెప్పడం వేరే పని. విండోస్ ఆ మనిషి ఏయే బృందాల్లో ఉన్నాడో కూడా టికెట్‌లోనే రాసి పంపుతుంది, కానీ తలుపు తీయాలా వద్దా అన్న నిర్ణయం చివరికి ఆయా సర్వర్లదే. గుమాస్తా సీటు వదిలి టీకి వెళ్లినప్పుడు తెర తెరిచే ఉంటే, ఆ కుర్చీలో కూర్చున్న ఎవరికైనా అతని టికెట్లన్నీ సాయంత్రం దాకా చెల్లుతాయి, ఆ తలుపును కెర్బరోస్ మూయలేదు. లేచే ముందు విండోస్ గుర్తున్న మీటను, ఎల్ అక్షరాన్ని కలిపి నొక్కడం గుమాస్తా చేతిలో ఉంది.

విండోస్ డొమైన్‌లో ఉన్న కంప్యూటరు ముందు పనిచేసే పాఠకులు కమాండ్ విండో తెరిచి కె, ఎల్, ఐ, ఎస్, టి అనే ఐదు ఇంగ్లిషు అక్షరాలను విడవకుండా టైపు చేసి ఎంటర్ నొక్కితే, ఆ పూట తమ పేరున పుట్టిన టికెట్లన్నీ వరసగా కనిపిస్తాయి: ఎవరి పేరున, ఏ సర్వర్ కోసం, ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా. అక్కడ కనిపించే ముగింపు సమయం దాటాక ఆ చీటీ ఎవరి దగ్గరున్నా చెల్లదు.